వంకర పాపిట

మా చెల్లెలి గురించి చెప్పాలంటే ముందు మా షాపులో మూడో కుర్చీ గురించి చెప్పాలి. ఎందుకంటే ఆ కుర్చీ ఇప్పుడు లేదు. నిక్షేపంలాంటి కుర్చీ. పైకీ కిందికీ కదిలేది, తల వెనక్కి వాల్చుకుంటే నిద్రొచ్చేది. దాన్ని తీయించి ఆ చోట మూడడుగుల గాజు ట్యాంకు పెట్టించింది మహాతల్లి. కొత్తగా వచ్చినవాళ్ళు "చేపలు పెంచుతున్నారా?" అని అడుగుతారు. "చేపలు కాదండీ, అడవి. మా చెల్లెలు పెంచింది," అంటాను. నాలుగేళ్ళ కిందట, నా నోటి వెంట ఈ మాట వస్తుందని ఎవరైనా అనుంటే సగం జుట్టు కోసి బయటికి పంపేదాన్ని.

మాది ఆడవాళ్ళకి జుట్టు కత్తిరించే షాపు. తెరిచి ఇరవై ఆరేళ్ళయింది. ఒక పక్క మందుల షాపు, ఇంకో పక్క పాస్‌పోర్టు ఫోటోలు తీసే స్టూడియో, ఎదురుగా బస్టాపు. నాకు ముక్కు మీద కోపమనీ, నా గొంతు బస్టాపు దాకా వినిపిస్తుందనీ వీధంతా అంటారు. అననీ. ఆ గొంతు లేకపోతే ఈ షాపు ఎప్పుడో మూతబడేది. చెల్లికి మాట రావడమే గగనం. కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఇంటి సంగతులన్నీ కక్కేసినా "ఊఁ" అంటుంది, లేకపోతే "తల కొంచెం వంచండి" అంటుంది. అంతే. అందుకే మాటలు కావాల్సినవాళ్ళు నా కుర్చీలో కూర్చుంటారు, మంచి కటింగు కావాల్సినవాళ్ళు దాని కుర్చీలో కూర్చుంటారు. ఈ ముక్క దాని ఎదురుగా నేనెప్పుడూ ఒప్పుకోలేదు. ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

అది షాపుకి వచ్చేటప్పటికి దానికి పంతొమ్మిదేళ్ళు. రెండో వారంలోనే కొంప ముంచింది. నడుము దాకా జుట్టున్న ఒకావిడ తల కడిగించుకోవడానికి వస్తే, కొసలు చిట్లిపోయి ఉన్నాయని చూసి ఆగలేక, నాలుగు వేళ్ళ పొడుగు కత్తిరించి పారేసింది. ఆవిడ అద్దంలో చూసుకుని బావురుమంది. చెల్లిని నలుగురిలో నిలబెట్టి కడిగేశాను. "తల వాళ్ళదే, నీది కాదు! కత్తెర పట్టే ముందు నోరు తెరిచి 'ఎంత తియ్యమంటారు' అని అడగాలి. వాళ్ళు వేలితో చూపించాలి. అప్పుడు కొయ్యాలి." అదే మాట ఒక కాగితం మీద రాసి అద్దం పక్కన అంటించాను. ఎంత తియ్యమంటారు? ఆ కాగితం పసుపు పచ్చబడిపోయి ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇంకో సంగతి కూడా అప్పుడే చెప్పాను. వందలో తొంభై తొమ్మిది మంది వేలితో చూపిస్తారు. ఎప్పుడో ఒకావిడ కళ్ళు మూసుకుని, "మీ ఇష్టమండీ, మీకెలా బాగుందనిపిస్తే అలా" అంటుంది. మా పనిలో అంతకు మించిన బిరుదు లేదు. ఇన్నేళ్ళలో నాతో ఆ మాట అన్నవాళ్ళని వేళ్ళ మీద లెక్క పెట్టొచ్చు.

ఈ నీళ్ళ పిచ్చి దానికి పంటి డాక్టరు దగ్గర పట్టుకుంది. దవడ పన్ను పీకించుకోవడానికి వెళ్ళి, బయట గదిలో మొక్కల ట్యాంకు ముందు కూర్చుని, పేరు పిలిచినా లేవలేదట. సాయంత్రం ఉబ్బిన బుగ్గతో వచ్చి, నోట్లో దూదితోనే అంది: "అక్కా, నీళ్ళలో కొండ ఉంది." మత్తు ఇంకా దిగలేదనుకున్నాను. ఆ మత్తు ఇవాళ్టికీ దిగలేదు. ఇంట్లో ఊరగాయ జాడీ అంత గాజు డబ్బాతో మొదలుపెట్టింది. ఆ తర్వాత అడుగు ట్యాంకు, రెండడుగుల ట్యాంకు. ఇల్లు చాలక చివరికి నా కుర్చీకి ఎసరు పెట్టింది.

దాని మొగుడు, అంటే మా మరిది, సిటీ బస్సు డ్రైవరు. బంగారంలాంటి మనిషి. పెళ్ళాం కోసం దారి పొడుగునా రాళ్ళు ఏరుకొస్తాడు. ఒకసారి డిపోలో తనిఖీకి వచ్చినాయన డ్రైవరు సీటు కింద గోనె సంచి చూసి, ఇదేమిటని అడిగితే, "కొండలండీ" అన్నాడట. ఆ మొగుడికి ఈ పెళ్ళామే తగినది.

పోటీ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఏడాదికోసారి జరుగుతుంది. ఎక్కడెక్కడి దేశాల నుంచో వేల మంది తమ ట్యాంకులు పంపుతారు. ట్యాంకుని ఎలా పంపుతారు? పంపరు. ఒక్క ఫోటో పంపాలి. ఒకటే. ఏడాది చాకిరీ అంతా ఆ ఒక్క ఫోటోలో కనిపించాలి. జడ్జీలు దాన్ని చూసి వరస నంబర్లిస్తారు. చెల్లికి మొదటేడు వెయ్యీ నూట నలభై వచ్చింది. రెండో ఏడు ఐదొందల ముప్పై. మూడో ఏడు నూట అరవై ఎనిమిది. మొదటి వంద ట్యాంకుల్ని మాత్రం ఆ ఏటి పుస్తకంలో అచ్చు వేస్తారు. నాలుగో ఏడు మొదలవుతుండగా ఒక రోజు సెలూను తువ్వాళ్ళు మడతపెడుతూ, "ఈసారి పుస్తకంలోకి రావాలక్కా," అంది. నోరు తెరిచి అది ఏదైనా కావాలని అడగడం నేను వినడం అదే మొదలు. పెళ్ళికి కూడా "మీరెలా అంటే అలా" అన్న మనిషి.

అప్పట్నుంచి నేనూ ఆ ట్యాంకుని కాస్త కళ్ళు తెరిచి చూడటం మొదలుపెట్టాను. ముందు మూడు వారాలు నీళ్ళే పొయ్యలేదు. ఖాళీ ట్యాంకులో మట్టి పోసి, రాళ్ళు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి.

"నిన్న కూడా ఆ రాయి అక్కడే ఉంది కదే!" అన్నాను విసుగొచ్చి.

"నిన్న రెండు వేళ్ళు ఎడమకి ఉందక్కా."

రెండు వేళ్ళకి ఏమవుతుందని గొణుక్కున్నాను కానీ, జరిపాక చూస్తే అయింది. రాయి వెనక్కి పోయి, దాని ముందు చోటు పెరిగినట్టనిపించింది. అయినా దానికి చెప్పలేదు. చెబితే నెత్తికెక్కుతుందని.

చివరికి తేలిన రూపం ఇది. రెండు వైపులా రెండు గుట్టలు. వాటి మీద వంకర్లు తిరిగిన చెక్క కొమ్మలు, కొమ్మల నిండా నాచు. మధ్యలోంచి తెల్ల ఇసుక దారి. గాజు దగ్గర జానెడు వెడల్పు, వెనక్కి పోయేకొద్దీ సన్నబడి, చివరికి అగ్గిపుల్లంత. ముందు గులకరాళ్ళు, వెనక ఆవగింజలంత రాళ్ళు. ముందు వెడల్పాటి ఆకు, వెనక సన్నటి ఆకు. దారి అంతమయ్యే చోట రెండు వైపులా ఎర్ర మొక్కల గుబుర్లు, అక్కడ మాత్రమే పొద్దుటి ఎండ పడుతున్నట్టు. ఆ ట్యాంకు ముందు నుంచి వెనక్కి కొలిస్తే మూరెడు. చూస్తే మాత్రం, చెప్పులేసుకుని బయల్దేరితే సాయంత్రానికి గానీ చేరమనిపిస్తుంది.

"పేరేం పెడతావే?" అని అడిగాను. పేరు కూడా పంపాలట.

"వంకర పాపిట."

"అదేం పేరే! తిన్నటి పాపిట తియ్యడం రాని షాపనుకుంటారు."

"బడికి పంపేటప్పుడు నువ్వు నాకు తీసేదానివి కదా. ఒక్కరోజైనా తిన్నగా తీశావా?"

"నువ్వు కుదురుగా కూర్చుని చస్తేగా!" అన్నాను. అని, లోపలికి వెళ్ళి కాసేపు సీసాలు సర్దాను. అది మర్చిపోయిందనుకున్నాను నేను.

ఇక్కడ పనిలో మెలకువ ఒకటుంది, అది తెలిస్తేనే నేను చేసిన నిర్వాకం అర్థమవుతుంది. నీళ్ళలో మొక్కని కూడా జుట్టులాగే కత్తిరిస్తూ ఉండాలి, లేకపోతే చెదిరిపోతుంది. కానీ కోసిన వెంటనే అది అందంగా ఉండదు. కాడ తెగిన చోట మోడు కనిపిస్తుంది. కొత్త చిగుళ్ళు వచ్చి ఆ మోడు కప్పుకోవడానికి మూడు వారాలు పడుతుంది. అందుకని ఫోటో రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టుకుని, ఆఖరి కోత ఎప్పుడో ముందే రాసుకుంటారు. చెల్లి క్యాలెండరు మీద ఎర్ర సిరాతో రాసుకుంది. ఆ రోజే కోసింది. ఆ తర్వాత ముట్టుకోకుండా పెరగనిచ్చింది. మా షాపుకొచ్చేవాళ్ళు జుట్టు కత్తిరించుకుని బయటికి అడుగు పెట్టగానే ఫోటో దిగుతారు. అక్కడే నా బుర్ర బోల్తా కొట్టింది.

ఫోటోకి ఇంకా వారం రోజులుంది. సోమవారం షాపు సెలవు, పక్క స్టూడియో ఆయన వచ్చి తీస్తానన్నాడు. ఈలోగా మంగళవారం చెల్లి అత్తగారికి కంటి ఆపరేషన్. మొగుడూ పెళ్ళాలు మూడు రోజులు వెళ్ళక తప్పలేదు. వెళ్ళేముందు నాకు అప్పగింతలు పెట్టింది. "పొద్దున లైటు వెయ్యి, సాయంత్రం తియ్యి. చేపలకి చిటికెడు మేత. ఇంకేం ముట్టుకోకక్కా."

"నాకేం పనిలేదనుకున్నావా నీ ట్యాంకు ముట్టుకోవడానికి?" అన్నాను.

బుధవారం మధ్యాహ్నం. టీచరమ్మ ఒక్కతే ఉంది షాపులో, తలకి రంగు పట్టించుకుని ట్యాంకుకి ఎదురుగా కూర్చుంది. ఆవిడ ఇరవై ఏళ్ళ నుంచి మా దగ్గరికే వస్తుంది. ఏది కనబడినా తప్పులు దిద్దకుండా ఉండలేదు. "మీ చెల్లెలి అడవికి జుట్టు రేగిపోయిందండీ. ఆ వెనకాల ఎర్రవి చూడండి, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి," అంది. నిజమే, అలాగే ఉన్నాయి. టీచరమ్మ వెళ్ళిపోయింది. ఆవిడ మాట మాత్రం షాపులోనే ఉండిపోయింది. ఎటు తిరిగినా నా కన్ను ఆ గుబుర్ల మీదికే పోతోంది. ఇరవై ఆరేళ్ళుగా ఎగుడుదిగుడు కొసలు కనబడితే సమం చేసిన చెయ్యి ఇది. దానికి దురద మొదలైంది. పాపం చెల్లికి ఆస్పత్రి హడావిడిలో తీరికుండదు, వచ్చేసరికి నీటుగా చేసి పెడదామనుకున్నాను. స్టూలెక్కాను. దాని వంపు కత్తెర మేకుకి వేలాడుతుంటే తీసుకున్నాను. ఎర్ర గుబుర్లు రెండూ వేళ్ళతో దువ్వి, నుదుటి మీద జుట్టు కత్తిరించినట్టు, గీత గీసినట్టు కోసిపారేశాను. దిగి, వెనక్కి నిలబడి చూసుకుని మురిసిపోయాను కూడా. నా బుద్ధి గడ్డి తినా!

తేలిన కొసల్ని జల్లెడతో తీశాను. మా షాపులో జానెడుకి మించిన జుట్టు ఊడ్చి పారెయ్యం. కోసిన వైపులన్నీ ఒక దిక్కుకి సర్ది, రబ్బరు బ్యాండు వేసి కట్టలు కడతాం. సవరాలు కట్టేవాళ్ళు వచ్చి పట్టుకెళతారు. చెయ్యి ఆ అలవాటు చొప్పునే ఈ మొక్కల్నీ సర్దింది. పదకొండు కట్టలయ్యాయి. రంగు అంత ముచ్చటగా ఉంటే పారెయ్యబుద్ధి కాక, బకెట్టు నీళ్ళలో వేసి కిటికీ కింద పెట్టాను.

శుక్రవారం పొద్దున్నే చెల్లి బస్సు దిగి సరాసరి షాపుకే వచ్చింది. చేతిలో సంచి చేతిలోనే ఉంది. ట్యాంకు ముందు నిలబడింది.

"ఎలా ఉందే?" అన్నాను, చెయ్యి తుడుచుకుంటూ, మెచ్చుకుంటుందని.

వెళ్ళి రెండో కుర్చీలో కూర్చుంది. ట్యాంకు వైపు తిరక్కుండా, అద్దంలో దాని నీడ చూస్తోంది. అప్పుడు నేనూ సరిగ్గా చూశాను. రెండు రోజుల్లో కాడలు కోసిన చోట గోధుమరంగుకి తిరిగాయి. పై ఎరుపంతా పోయి, కింద ఆకు రాలిన వట్టి కాడలు బయటపడ్డాయి. దారి చివర ఎండ పడే చోట రెండు చీపుర్లు నిలబెట్టినట్టుంది.

"ఎంత తియ్యమంటావని నన్ను అడగలేదేం అక్కా?" అంది చెల్లి. గొంతు పెంచలేదు. దాని చూపు అద్దం పక్కన కాగితం మీద ఉంది.

నిజం చెబుతున్నాను, ముందు నాకు కోపమే వచ్చింది. తప్పు చేసినప్పుడు నాకు అదే ముందొస్తుంది. "అడగడానికి నువ్వున్నావా ఇక్కడ? కోస్తే పెరగదా ఏం? పెరుగుతుందిలే!"

"పెరుగుతుంది. మూడు వారాలకి."

"పంపడానికి ఆఖరు రోజెప్పుడు?"

"వచ్చే శనివారం."

ఎనిమిది రోజులు. నేను అలాగే నేల మీద చతికిలబడ్డాను, కోసిన జుట్టు మధ్యలో. ఏడ్చాను. నోరు తెరిచి ఒక్కటి అడిగింది పిచ్చిది పుట్టి బుద్ధెరిగాక, దాన్ని నా చేత్తో నేనే కోసేశాను. "నీ ఏడాదంతా నాశనం చేశానే," అన్నాను. "నన్ను నాలుగు తిట్టవే!"

అది తిట్టలేదు. ఒక్కటే అడిగింది. "కోసిన కొసలెక్కడ పారేశావు?"

"పారెయ్యలేదు. కట్టలు కట్టి బకెట్లో వేశాను."

అది కుర్చీలోంచి లేచిన లేవడం నేను జన్మలో మర్చిపోను. బకెట్టు ముందు మోకాళ్ళ మీద కూలబడి, ఒక్కో కట్టా ఎత్తి వెలుతురులో తిప్పి చూసింది. రెండు కట్టలు మెత్తబడిపోయాయి. తొమ్మిది బాగున్నాయి. చిగుళ్ళు చెక్కు చెదరలేదు. మోడుబారిన కాడలు పీకేసి, వాటి చోట ఈ చిగుళ్ళు నాటితే, వేళ్ళు పట్టుకుని నిలబడితే, ఎనిమిది రోజుల్లో తలలు పైకెత్తితే, ఫోటో తియ్యొచ్చు. అన్నీ 'తే'లే. "చేద్దాం," అంది.

పదింటికి మొదలుపెట్టింది. మోచేతుల దాకా నీళ్ళలో పెట్టి, మూరెడు పట్టకారుతో ఒక్కో చిగురూ పట్టి, మట్టిలోకి గుచ్చి, మట్టి కదలకుండా పట్టకారు బయటికి తీయాలి. తొందరపడితే మొక్క కూడా పైకి వస్తుంది. దారి ఇసుక మీద ఒక్క మట్టి రేణువు పడకూడదు. నేను కట్టలు విప్పి, పొడుగు వారీగా వేరుచేసి, పళ్ళెంలో తడి గుడ్డ మీద పరిచి అందించాను. మధ్యలో వచ్చినవాళ్ళకి జుట్టు కోస్తూనే. మధ్యాహ్నం మరిది యూనిఫాంలోనే పరిగెత్తుకొచ్చాడు.

"వదినా, నన్నేం చెయ్యమంటారు?"

"ఏం మాట్లాడకుండా ఈ పళ్ళెం పట్టుకోండి. ఆరిపోతే నీళ్ళు చల్లండి."

పాపం, అన్నం తినే టైమంతా పళ్ళెం పట్టుకునే నిలబడ్డాడు. సాయంత్రం టీచరమ్మ వచ్చి, విషయం విని, బుగ్గలు నొక్కుకుంది. ఆవిడ చేతిలోనూ ఒక కట్ట పెట్టాను. "మీ నోటి చలవే కదా, వేరుచెయ్యండి," అన్నాను. కళ్ళజోడు పెట్టుకుని బుద్ధిగా కూర్చుని వేరుచేసింది.

సగం నాటాక చెల్లి ఆగింది. "అక్కా, మెడ మీద జుట్టు పలచగా ఉన్నవాళ్ళకి ఒత్తుగా కనిపించేలా ఎలా కోస్తావు?" రెండు కట్టలు పోయాయిగా, చిగుళ్ళు చాలట్లేదు. "పొడుగువన్నీ ఒక్కచోట పెట్టకు. పొట్టివి అడుగున దట్టించి, పొడుగువి వాటి మీద అక్కడక్కడ వదులు. చూసేవాళ్ళకి మొత్తం పొడుగే అనిపిస్తుంది," అన్నాను. తల ఊపి అలాగే నాటింది. ఆరింటికి చేతులు బయటికి తీస్తే వేళ్ళు ముడతలు పడి పాలిపోయాయి. మూడు వందల పన్నెండు మొక్కలు. ఒక్కటి కూడా దారి మీద పడలేదు. నా చెల్లెలి చెయ్యి అది. ఇంకెవరికైనా ఉంటే తీసుకొచ్చి చూపించండి.

శనివారం పొద్దున తలుపు తీసేసరికి పదకొండు మొక్కలు పైకి తేలి ఉన్నాయి. మళ్ళీ నాటింది. ఆదివారం నాలుగు. సోమవారం ఒకటి. తేలడం ఆగింది కానీ, బకెట్లో కిటికీ వైపు వంగి పెరిగాయేమో, అన్నీ అలిగినట్టు ఒకే పక్కకి తల తిప్పుకుని ఉన్నాయి. మంగళవారం అలాగే ఉన్నాయి. బుధవారం ఏడింటికే వెళ్ళి చూశాను, కొన్ని పైకి చూస్తున్నాయి. గురువారానికి అన్నీ లైటు వైపు తలెత్తాయి. గట్టిగా కేకేశాను. పక్కన మందుల షాపాయన ఎవరికేమైందోనని పరిగెత్తుకొచ్చాడు.

చెల్లి ఆ వారమంతా నన్ను పల్లెత్తు మాట అనలేదు. కానీ మేకు మీద వంపు కత్తెర లేదు. దాని చేతిసంచిలోకి వెళ్ళిపోయింది. తాళం వేసినా అంత బాధపడేదాన్ని కాదేమో. కత్తెర పట్టడం నేర్పిన నా దగ్గరే కత్తెర దాచుకోవాల్సి వచ్చింది దానికి. తప్పు నాదే, ఎవర్ని అనేది?

ఆఖరి శనివారం. మాకు శనివారమంటే కుర్చీ ఖాళీ ఉండని రోజు. ఇరవై ఆరేళ్ళలో ఒక్క శనివారం షాపు ముయ్యలేదు, జ్వరంతో కూడా తెరిచాను. ఆ రోజు షట్టరు దించి "సెలవు" అని బోర్డు పెట్టాను. ఇద్దరు ముగ్గురు తలుపు తట్టి విసుక్కుని పోయారు. పోనీ! లోపల గాజుకి వెలుతురు తగలకుండా కిటికీలకి నల్లగుడ్డలు కట్టాం. అందరం నల్ల బట్టలేసుకున్నాం. అంతకుముందు ఏటి ఫోటోలో అడవి మధ్యలో నా పసుపు ఏప్రన్ నీడ పడింది లెండి, పిశాచంలా.

ట్యాంకులోంచి గొట్టాలూ తీగలూ అన్నీ తీసేశారు. స్టూడియో ఆయన కెమెరా సర్దుకున్నాడు. నా పని డ్రయ్యరు. నీటి పైభాగాన గాలి కొడితే చిన్న అలలు లేచి, ఫోటోలో మబ్బు పట్టిన ఆకాశంలా కనిపిస్తుంది. జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుతోనే లోకమంతా ఇలాగే చేస్తారట. ఆ మాట విన్నప్పుడు నాకెంత సంబరమేసిందో. కానీ డ్రయ్యరు మోతకి చేపలన్నీ రాళ్ళ వెనక దాక్కున్నాయి. గంటైంది. గంటన్నరైంది. చేపలు గుంపుగా దారి మీదికి వస్తేనే ఆ దారి ఎంత పొడుగో కంటికి తెలుస్తుంది.

"బయటికి రండమ్మా, రండి, సిగ్గుపడకండి, ఒసేయ్ ఆ చివరిది, నిన్నే..." అంటున్నాను నేను.

"అక్కా. నోరు ముయ్యి."

మరిది నోరెళ్ళబెట్టాడు. నలభై ఏళ్ళలో చెల్లి నాతో ఆ మాట అనలేదు. ఎవరూ అనలేదు. మూశాను. డ్రయ్యరు పట్టుకుని బొమ్మలా నిలబడ్డాను. ఒక నిమిషానికి ఒక చేప వచ్చింది, దాని వెనక ఇంకోటి, ఆ తర్వాత అన్నీ, దారి వంపు వెంట వరసగా. చెల్లి వేలు ఎత్తింది. స్టూడియో ఆయన నొక్కాడు. ఎర్ర గుబుర్ల మధ్యలోంచి దారి ఎటో వెళ్ళిపోతోంది. నాకు కళ్ళు చెమర్చాయి, తుడుచుకుందామంటే చేతిలో డ్రయ్యరు.

నాలుగు నెలలకి నంబరొచ్చింది. రెండు వేల పైచిలుకు ట్యాంకుల్లో అరవై ఒకటి. ఇంకో నెలకి పుస్తకం వచ్చింది. సగం పేజీ మా చెల్లిది. కింద దాని పేరు, దాని పక్కన "వంకర పాపిట". ఆ పుస్తకం నేను చూపించని మనిషి ఈ వీధిలో లేడు. నీళ్ళ బిల్లు ఇవ్వడానికి వచ్చినాయనకి కూడా కూర్చోబెట్టి చూపించాను. "మా చెల్లెలు! నేను చేతులారా పని నేర్పిన పిల్ల!" గర్వమంటారా? అవును, గర్వమే. పడనివాళ్ళు బస్టాపులో నిలబడండి.

జడ్జీలు రాసిన ముక్క కూడా ఉంది. మరిది చదివి అర్థం చెప్పాడు. దారి చూస్తే వెంట నడవాలనిపిస్తోందట. దూరపు ఎర్ర మొక్కలు మాత్రం ఇంకాస్త చిక్కగా ఎదిగి ఉండాల్సిందట.

"కళ్ళున్నాయా వాళ్ళకి? ఇంకేం చిక్కగా..." అని లేచి, నాలిక కరుచుకున్నాను. ఆ పలచన ఎవరి చలవో నాకు తెలియదా? "నేను ముట్టుకోకపోతే ఎంత వచ్చేదే?" అని అడిగాను.

చెల్లి అబద్ధం చెప్పదు. "ముప్పై లోపు రావచ్చేమో," అంది.

ఆ అడవి ఇప్పుడు లేదు. పోటీ అయ్యాక విప్పేసి కొత్తది మొదలుపెట్టాలి, అదే వాళ్ళ పద్ధతి. ఈసారి దారి లేదు, మధ్యలో లోయ. మొన్న బుధవారం మధ్యాహ్నం, షాపులో ఎవరూ లేరు. నేను దువ్వెనలు కడుగుతున్నాను. చెల్లి చేతిసంచి తెరిచి వంపు కత్తెర తీసింది. నా దగ్గరికి వచ్చి, పిడి నా వైపు తిప్పి, అరచేతిలో పెట్టింది.

"కుడివైపు గుబురు పెరిగిందక్కా. కొయ్యి," అని, చీపురు తీసుకుని నేల ఊడవడానికి వెళ్ళింది.

అద్దం పక్కన కాగితం వైపు చూశాను.

"ఎంత తియ్యమంటావే?"

అది వెనక్కి కూడా తిరగలేదు. ఊడుస్తూనే చెప్పింది.

"నీ ఇష్టం అక్కా."

నేను చేతులు కడుక్కుని, కళ్ళు తుడుచుకుని, స్టూలెక్కాను.